పెర్సెఫొనీ నోరు

"బ్రష్షులు కడిగెయ్, క్లొటిల్డ్. వెంట్రుకలు ఊడకుండా, జాగ్రత్త." పదహారేళ్లుగా నా మొగుడు గాస్టన్ నాతో రోజూ అనే మాటే. ఇవాళ పారిస్ ప్రదర్శనశాలలో నలుగురి ముందూ అన్నాడు.

ఇవాళ వార్నిష్ రోజు. జనం రేపు వస్తారు. సాయంత్రం ఐదు దాకా చిత్రకారులు తమ బొమ్మలకి మెరుగులు దిద్దుకోవచ్చు. గంట కొట్టాక ప్రదర్శన ముగిసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

మా బొమ్మలో, పువ్వులు కోసుకుంటున్న గ్రీకు కథల పిల్ల పెర్సెఫొనీని పాతాళపు రాజు రథంలోకి లాక్కుపోతుంటాడు. గుర్రాలూ ఆకాశమూ గాస్టన్ వేశాడు. ఆ పిల్లని వేసింది నేను. పొయ్యి మీద కూర మాడుతున్నా కదలకుండా, అద్దం ముందు అరుస్తున్నట్టు నోరు తెరుచుకుని నిలబడి ఏడు వారాలు వేశాను. కింద సంతకం మాత్రం ఆయనది. "మా వాడికి రంగులు నూరిపెట్టావు, అంతే. ఎక్కువ ఊహించుకోకు" అంది మా అత్తగారు. పేరు పోతే పోనీ, ఆ అరుపు నాది, అదుంటే చాలనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

పొద్దున బొమ్మ కొనేవాడు వచ్చి చూశాడు. "భోజనాల గదిలో పెట్టుకోవాలండీ, ఆ మొహం మరీ..." అని నసిగాడు. గాస్టన్ నన్ను ఒక్క మాటైనా అడగలేదు. నిచ్చెనెక్కి, నా కళ్లముందే ఆ నోరు మూసేశాడు. ఎర్రటి చిన్న పెదాలు, పైగా వాటి మీద నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అదేంటండీ, దాన్ని ఎత్తుకుపోతుంటే నవ్వుతుందా?"

"అరిచే ఆడదాన్ని ఎవడు కొంటాడే? ఇంట్లో ఒకత్తుంది, చాలదూ!"

పక్కనున్న చిత్రకారులు పగలబడి నవ్వారు. బ్రష్షులు నా చేతిలో పెట్టి, వాళ్లతో కలిసి భోజనానికి పోయాడు.

రంగు వదిలించే టర్పెంటైన్ సీసా మూత తీశాను. అప్పుడు తట్టింది. నా రంగు వేసి నాలుగు నెలలైంది, ఎండి గట్టిపడింది, తుడిచినా పోదు. ఆయన వేసింది ఇంకా పచ్చిగానే ఉంది. ఆ సంగతి ఆయనకి గుర్తే లేదు. ఒక్కనాడైనా బ్రష్షు కడిగితే కదా!

గుడ్డ తడుపుకుని నిచ్చెనెక్కాను. రెండుసార్లు తుడిచానంతే. నవ్వు గుడ్డకి అంటుకొచ్చేసింది. కింద నా నోరు అలాగే తెరుచుకుని ఉంది.

గాస్టన్ వచ్చేసరికి ఐదింటి గంట మోగింది. కాపలావాడు బొమ్మల ముందు తాడు కట్టేస్తున్నాడు. ఆయన బొమ్మ చూసి కొయ్యబారిపోయాడు.

"ఏం చేశావే?"

"తుడిచాను" అని, రంగు రంగుగానే ఉన్న బ్రష్షులు ఆయన చేతిలో పెట్టాను. "ఇవి మీరు కడుక్కోండి."