ఉయ్యాలో అనే వరకే

చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే బావ వచ్చి, "పద్మా, ఇంట్ల బొంతలు ఎన్నున్నయే?" అని అడిగాడు. చలికాలం ఇంకా చాలా దూరం. ఎందుకో అర్థం కాక చాట కింద పెట్టి లేచాను. "అన్నీ పట్కరా. గోడలకు కొడ్తాన. గొంతు గోడకు తాకి వాపస్ రావద్దట. బొంతయితె మింగేస్తదట" అన్నాడు. అప్పటికే చేతిలో సుత్తి, నోట్లో మేకులు. ఆ బొంతలు అక్క కుట్టినవి, తన పాత చీరలతో, అమ్మ పంపిన చీరలతో. నడిమింటి గోడలకు వాటిని కొడుతూ బావ సంబరంగా చెప్పుకుపోతున్నాడు. "హైదరాబాదు స్టూడియోకు పోతె గంటకిన్ని పైసలని గుంజుతరు. ఇంట్ల జేస్కుంటె ఖర్చేముందే?"

బావకు హనుమకొండ చౌరస్తాలో రేడియోలు బాగుచేసే దుకాణం ఉంది. పేరు రాంచందర్. చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. ఈ మాట ఇంటికి వచ్చిన వాళ్ళందరూ అక్కతో అంటారు, అదేదో అక్క రోజూ బాకీ తీర్చాల్సిన సంగతి అన్నట్టు. మా ఊరు తొర్రూరు దగ్గర. ఊళ్ళో బడి ఏడో తరగతి వరకే. ఎనిమిది హనుమకొండలో చదివిస్తానని బావ నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు. ఒక జూన్ పోయింది, ఇంకో జూన్ కూడా పోయింది. "వచ్చే ఏడు చేరుద్దాం తియ్యి, ఇప్పుడైతె మీ అక్కకు జెర ఆసరగ ఉండు" అంటాడు. నల్లా దగ్గర బిందెలు, బట్టలు, బియ్యం, పొయ్యి. అక్కకు ఆసరా అంటే అక్క చేసే పనిలో సగం. ఆ సగం తగ్గినందుకు అక్కకు కొత్తగా వేరే సగం వచ్చి చేరింది, అంతే.

బతుకమ్మకు ఇంకా నెల ఉంది. బతుకమ్మ పాటల క్యాసెట్ చేసి అమ్మితే బజారంతా మన పాటే మోగుతుందని బావకు ఆలోచన వచ్చింది. మైకుసెట్ యాకయ్య దగ్గర టేప్ రికార్డర్, మైకు మూడు రోజులకు అడిగి తెచ్చాడు. మిగతాదంతా ఇంట్లోదే. వాళ్ళమ్మ, మా అత్తమ్మ గొడుగును దూలానికి తగిలించి దాని పిడికి మైకు వేలాడదీశాడు. "ప" అన్నా "బ" అన్నా మైకు పేలినట్టవుతోందని నా చేతిరుమాలు దాని ముఖానికి కట్టాడు. కిటికీకి బియ్యం బస్తాలు అడ్డం పెట్టించాడు. తలుపు కింది సందులో అక్క ఉతికి మడతపెట్టిన చీర కుక్కాడు. గోడ గడియారం తీసి పెరట్లో పెట్టాడు. ఫ్యాను బంద్. టేప్ రికార్డర్ మీది ఎర్ర లైటు వెలిగి ఉన్నంతసేపు వంటింట్లో కారం దంచొద్దు, గిన్నెలు తోమొద్దు, బిందె కదపొద్దు. దాంతో పనంతా మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి జరిగేది. జరిగిందే తప్ప తగ్గలేదు. పరుచుకోవడానికి బొంతల్లేక వట్టి చాపల మీద పడుకుని పొద్దున అక్క నడుం పట్టుకుని లేచేది. ఖర్చేముంది?

నేను బట్టలుతుకుతూ పాడుతుంటే బావ నా గొంతు విన్నాడు. "మంచిగ పాడ్తానవే! ఏడ నేర్చుకున్నవ్?" అన్నాడు. అక్క దగ్గర అన్నాను. ఆ మాట ఆయన చెవిలో పడ్డట్టు లేదు. నాకు వచ్చిన పాటలన్నీ అక్కవే. కొన్ని అమ్మ నుంచి వచ్చాయి, చాలావరకు అక్క సొంతంగా కట్టింది. నాట్లప్పుడు వంగి నారు పెడుతూ ఒక్కో మాట అల్లేది. పక్క మడిలో ఆడవాళ్ళు "గట్టయ్య బిడ్డా, గా గునుగు పువ్వు పాటెత్తరాదె!" అని కేకేసేవాళ్ళు. పెళ్ళయి వచ్చిన కొత్తలో రోటి దగ్గర అక్క పాట అందుకుంటే అత్తమ్మ, "మెల్లగనే! సందుల మొగోళ్ళు పోతాంటరు" అందట. అప్పట్నుంచి అక్క పెదవులు కదులుతాయి, గొంతు రాదు. నేను పక్కన కూర్చుని ఆ పెదవులు చూసి పాట పట్టుకుంటాను.

బావ ఒక్కసారి మాత్రం అక్కను అడిగాడు. "నీకు గూడ వస్తయి గద, నువ్వు పాడరాదు?" అక్క తల ఎత్తేలోపే అత్తమ్మ అందుకుంది. "ఇంటి కోడలి గొంతు హోటళ్ళల్ల, లారీలల్ల మోగుడేందిరా? పద్మ పాడ్తది తియ్యి. దాని పేరేం రాస్తలేవు గద." బావ సరేనన్నాడు. నా గొంతు లారీల్లో మోగినా ఎవరికీ నష్టం లేదని ఆ రోజు తెలిసింది. అక్క పొయ్యి ఊదింది. పొగ లేకపోయినా కళ్ళు తుడుచుకుంది. క్యాసెట్ మీది కాగితానికి బావ అప్పటికే అక్షరాలు దిద్దుతున్నాడు: బతుకమ్మ పాటలు, సేకరణ రాంచందర్.

"పాట నువ్వు కట్టిందే గదక్కా, చెప్పరాదు?" అన్నాను పెరట్లో.

"చెప్పిన. ఊరి పాటలు ఎవ్వలియి గావన్నడు" అంది, అంట్లు తోముతూనే.

మొదటి రోజు నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాడు. తలుపులు మూశారు. నాలుగు వైపులా బొంతలు, మధ్యలో నేను. గాలి లేదు, వెలుతురు లేదు, చెమట మెడ వెనక నుంచి కారుతోంది. నా ఊపిరి నాకే వినిపించనంత మెత్తగా ఉంది గది. నోరు తెరిస్తే మాట ఎటు వెళ్తోందో తెలియదు, గోడలు నిజంగానే మింగేస్తున్నాయి. మూడో చరణం దగ్గర పాట మరిచిపోయాను. అక్కకు చెబితే, "కూసోని పాడుమంటె నాకే యాదికి రాదు. అది తిరుక్కుంట పాడేది పిల్లా, లే" అని వంటింట్లో రోలు చుట్టూ నాతో తిరిగింది. వంగి, చప్పట్లు కొట్టి, అడుగేసి. చేతికీ కాలికీ పని దొరకగానే మాటలు వాటంతటవే వచ్చాయి. కానీ నడిమింట్లో లేచి అడుగేస్తే బావ చెయ్యి అడ్డం ఊపాడు. "కదలకు! నీ అడుగులు గూడ వస్తానయ్!"

రెండో రోజు పాడింది వినిపించి ఆయనే మూతి విరిచాడు. "గిదేందే, సారు ముందట పాఠం ఒప్పజెప్పినట్టున్నది! ఉయ్యాలో అననీకె వెనుక నలుగురుండాలె." పక్కింటి వాళ్ళను పిలుద్దామంటే, "వాళ్ళందరికి చాయలెవరు వెడ్తరు?" అంది అత్తమ్మ, చాయ్ పెట్టేది తానే అన్నట్టు. చివరికి బావే మధ్యే మార్గం కనిపెట్టాడు. వంటింటి గడప వెనక నుంచి అక్క ఉయ్యాలో అంటుంది. అత్తమ్మ ఒప్పుకుంది. "గా ఒక్క మాటకు ఎవల గొంతో ఎవలకెరుక! అననీ. గంతే మల్ల, ఉయ్యాలో అనే వరకే."

"గాజులు మోగుతయ్, తీసెయ్" అన్నాడు బావ.

"నోరు మూస్కో! బతికున్న మొగడు పెండ్లాం గాజులు తియ్యుమంటడారా? పాత గుడ్డ సుట్టుకుంటది తియ్యి."

అక్క నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. ఆ తర్వాత పాత ధోవతి చింపి రెండు చేతులకూ చుట్టుకుంది. దవాఖానా నుంచి వచ్చిన మనిషిలా ఉంది. ఆ చేతులతోనే తోటకూర తుంచుతూ కూర్చుంది.

మూడో రోజు సాయంత్రానికి మిషన్ యాకయ్యకు ఇచ్చేయాలి. అతనికి ఎవరిదో పెళ్ళిలో మైకు పెట్టే ఒప్పందం ఉంది. "ఇదే ఆఖరు. ఖరాబ్ జేస్తివా, రేపే తొర్రూరు బస్సెక్కిస్త" అన్నాడు బావ, నవ్వుతూనే. నవ్వుతూ అన్నా అది జరుగుతుందని నాకు తెలుసు. వెళ్తే బడి మాట ఇక ఉండదు. ఇక్కడే ఉంటే మాత్రం ఉందా అని అప్పటిదాకా నన్ను నేను అడగలేదు. ఎర్ర లైటు వెలిగింది. మొదలుపెట్టాను.

గుట్ట కింది గునుగు
"ఉయ్యాలో" అంది అక్క గడప వెనక నుంచి.
కోయ నేను పోతి
"ఉయ్యాలో."

ఒక్క మాటే. కానీ అక్క దాన్ని ఒక్కలా అనడం లేదు. నేను గుట్ట అంటే ఎక్కుతున్నట్టు అంటోంది, కోయ అంటే వంగినట్టు అంటోంది. ఆమె కట్టిన పాటలో ఆమెకు వదిలిన చోటు అంతే, ఆ చోటులోనే పాటంతా ఇరికించుకుంటోంది. ముందు నేను ఆమె మాటలను ఒక్కొక్కటే పీటమీద పెట్టినట్టు పెడుతున్నాను. కొంగు ముల్లు దాకె. ఆ ముల్లు ఎవరి కొంగుకు తాకిందో నాకు తెలుసు. ఆ చీర ఇప్పుడు నా ఎదుటి బొంతలో నీలం ముక్కగా ఉంది. తర్వాతి మాట "అత్త ఏమనునో". అది నేను అనాలి. నేను అంటే బజారంతా వింటుంది, ఎవరిదో ఒక పిల్ల గొంతు అనుకుంటుంది, అక్క రేపు కూడా తోటకూర తుంచుతుంది. వచ్చే ఏడు ఇంకో క్యాసెట్. నేను పెద్దదాన్నయ్యాక నాకూ ఒక గడప, ఒక ఉయ్యాలో.

మాట అనలేదు. టేపు తిరుగుతూనే ఉంది. బావ కళ్ళు పెద్దవి చేసి చేయి తిప్పాడు, పాడు పాడు అని. నేను లేచి గొడుగు పిడి నుంచి మైకు ఊడదీశాను. తీగ వచ్చినంత దూరం నడిచాను. అది సరిగ్గా వంటింటి గడప దాకా వచ్చింది. అక్క ఆకు చేతిలో పట్టుకుని నాకేసి చూసింది. బతుకమ్మ ఆటలో ముందు పాడే మనిషికి మాట తప్పితే, తెలిసిన వాళ్ళు ఎవరైనా అందుకోవాలి. అలా అందుకోకపోతే తిరిగే వాళ్ళంతా ఆగిపోతారు. అది అక్కకు నాకంటే బాగా తెలుసు.

మైకు ఆమె ముందు పెట్టి నేను, "ఉయ్యాలో" అన్నాను.

నాకు తొర్రూరు బస్సు కనిపించింది. అప్పుడు ఒడిలోని ఆకు నేల మీదికి జారింది. అక్క లేచి నిలబడింది.

అత్త ఏమనునో.

మడి గట్టున విన్న గొంతు. అంత పెద్ద గొంతు ఇన్నేళ్ళు ఆ చిన్న ఒంట్లో ఎక్కడుందో! నేను ఉయ్యాలో అంటున్నాను, ఆమె పాడుతోంది. చేతులకు చుట్టిన గుడ్డ విప్పి పారేసి చప్పట్లు అందుకుంది. గాజులు గలగలమన్నాయి. మిషన్ మీది సూది ఎర్రగీత దాటి కొట్టుకుంటోంది. బావ చెయ్యి బటన్ దగ్గర ఆగిపోయింది, నొక్కనూ లేదు, వెనక్కి తీయనూ లేదు.

ముందరింట్లో నుంచి అత్తమ్మ తలుపు బాదింది. "ఎవలే గట్ల పాడేది?"

బావ పెదవుల మీద వేలు పెట్టుకుని మా ఇద్దరికీ చూపించాడు. ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. నేను మైకు నా నోటి దగ్గరకు తెచ్చుకున్నాను.

"మా అక్క కళావతి, అత్తమ్మా. పాట గూడ ఆమె కట్టిందే."