సున్నా అర

పొద్దున ఏడు కాగానే కంప్యూటరు ప్రోగ్రాము ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. క్లైవ్ ట్రెంబాత్ మాంసం కూరిన పేస్టీ చల్లారిపోయినా కొరుకుతూ తెర వంక చూస్తున్నాడు. మేజోళ్ల పైన కాళ్లు ఉబ్బి ఉన్నాయి. మెడ ముడతల్లో ఎర్రదుమ్ము. పెదవులు నీలం.

ఆ గనుల ఊళ్లో ఒంటరిగా బతికే ముసలివాళ్లకు ఒక సహాయ సంఘం రోజూ పొద్దున్నే చేసే పలకరింపు అది. ఫోనెత్తితే బతికున్నట్టు. ఎత్తకపోతే ఆఫీసులో గంట మోగుతుంది. సెలవురోజుల్లో పోలీసు స్టేషన్లో. తాళంచెవి ఉన్న పొరుగువాళ్లను లేపుతారు.

పేర్లన్నీ వరుసగా అరల్లో ఉంటాయి. కంప్యూటరు లెక్కలో మొదటి అర సంఖ్య ఒకటి కాదు, సున్నా. ప్రోగ్రాము రాసిన రోజున పరీక్ష కోసం ఆ సున్నా అరలో క్లైవ్ తన ఇంటి నంబరే పెట్టాడు. భార్య గ్వెండా పొయ్యి దగ్గర నుంచే ఫోనెత్తి, "చావలేదు, నీ పని చూసుకో" అని పెట్టేసేది. ఆమె పోయాక కూడా అతను నంబరు తీయలేదు. రోజూ ఖాళీ ఇల్లు మోగేది. ఆఫీసులో గంట కొట్టేది. అతనే ఆపేవాడు. ఆదివారాలు ఇంట్లో ఉంటే తనే ఎత్తి, "ఉన్నాను" అనేవాడు.

గంట ఆపుతుండగా పైఅధికారి నారెల్ వచ్చింది.

"ఇవాళ నీ ఆఖరిరోజు కదా క్లైవ్. ఆ దొంగగంట సంగతి తేల్చి పో."

"రేపట్నుంచి ఇంట్లోనే ఉంటా తల్లీ. నేనే ఎత్తుతాను."

"నీకు డెబ్బై నిండాయా? నిండినవాళ్లనే కదా వరుసలో చేర్చేది."

"నాకు నిండలేదు. గుండెకు ఎప్పుడో నిండాయి. అడిలైడ్ పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కు ఇంకా నా వంతు రాలేదు. ఒక్కణ్ణే పడిపోతే ఎవరికి తెలుస్తుంది?"

"డాక్టరు కాగితంతో దరఖాస్తు పెట్టు. వచ్చే నెల కమిటీ చూస్తుంది."

"ఈలోగా?"

"ఈలోగా బీరు తాగి పడుకో. ఇన్నాళ్లూ మమ్మల్ని సతాయించింది చాలు. ఆ నంబరు పీకేయ్."

"పీకకూడదు. పేర్లది ఒక వరుస, ఫోన్లది ఒకటి, తాళాలున్నవాళ్లది ఇంకొకటి. ఒకదాంట్లో పీకితే వెనకవాళ్లంతా ఒక్కో అర ముందుకు జరుగుతారు. మిగతావి జరగవు. ఒకటో అరలో ఉన్న డోరిస్ పడిపోతే ఇంకెవడి తలుపో తీస్తారు."

ఒకసారి అలాగే జరిగింది. గడ్డం గీసుకుంటున్న మనిషి తలుపు పగలగొట్టారు. ఆ సమయానికి ఒక ముసలమ్మ స్నానాలగదిలో ప్రాణం విడిచింది. అప్పటినుంచి ఎవరు పోయినా క్లైవ్ అర తీసేయలేదు. కొత్తగా చేరినవాళ్లను అందులో పెట్టేవాడు.

"అయితే ఉండనీ. ఒకటి నుంచి మొదలుపెట్టమని చెప్పు. లోకమంతా లెక్క ఒకటి నుంచే కదా!"

అతను కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. సున్నా చెరిపి ఒకటి కొట్టాడు. ఒక్క అంకె. మళ్లీ నడిపి చూశాడు. మొదట డోరిస్ ఎత్తింది.

"ఇందాకే చేశారుగా! మళ్లీ చచ్చానేమోనని చూస్తున్నారా?"

నారెల్ చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నం కేకు కోశారు. పెట్టిన చోటే అతని ముక్క అలాగే ఉంది. సాయంత్రం తన కప్పు సంచీలో వేసుకుని ఇంటికి నడిచాడు. దారిలో కంచెలు పట్టుకుని ఆగుతూ వెళ్లాడు. అటువైపు వెళ్లిన కార్లు ఆగలేదు.

ఆదివారం ఏడింటికి ప్రోగ్రాము ఒకటో అర దగ్గర మొదలై చివరిదాకా వెళ్లింది. అందరూ ఎత్తారు. అందరూ క్షేమమని తెర మీద రాసింది. సోమవారమూ అంతే రాసింది. సున్నా అరలో అతని నంబరు అలాగే ఉంది. దాని దగ్గరికి ఎవరూ వెళ్లలేదు.

గురువారం మీటరు చూడటానికి వచ్చినవాడు వంటింటి కిటికీలోంచి చూసి కేకపెట్టాడు. క్లైవ్ బోర్లా పడి ఉన్నాడు. పడిన వెంటనే పోలేదని డాక్టరు చెప్పాడు. నేల మీద పాకిన జాడ గోడ దాకా ఉంది.

నారెల్ ఏడ్చింది. ఏడవడానికి కమిటీ అక్కర్లేదు.

గోడకు పాత ఫోను ఉంది. గ్వెండా ఏళ్ల తరబడి పొయ్యి దాకా లాగి లాగి చుట్టలు పోయిన దాని తీగ, పిండి జిడ్డుతో, అతని చేతికి జానెడు ఎత్తున వేలాడుతోంది.