చైను ఊడే సైకిలు

రెండో మలుపు దాటేసరికి ముందు పోయేవాళ్ళ మాటలు వినబడకుండా పోయాయి. అక్కణ్ణించి ఆ రోడ్డు తోకాయనదే. కుడిపక్క నాచు పట్టిన రాతిగోడ, ఎడమపక్క లోయలోకి దిగిపోయే చెట్లు, ఎక్కడో కింద కనపడకుండా పారే ఏరు. కొండకి సొరంగం తొలిచాక లారీలన్నీ ఆ దారి పట్టాయి. ఈ పాత రోడ్డు మీద ఇప్పుడు ఎండుటాకులూ, ఎప్పుడైనా ఒక కుందేలూ, సైకిళ్ళవాళ్ళూ తప్ప ఎవరూ తిరగరు.

తోకాయన ఉద్యోగం ఏమిటో చెబితే నవ్వొస్తుంది. అందరికంటే వెనక రావడం. కొండలు చూడ్డానికి వచ్చినవాళ్ళని సైకిళ్ళ మీద పైనున్న కనుమదాకా తీసుకెళ్ళే చిన్న కంపెనీ అది. ముందు దారి చూపించేవాడు ఒకడుంటాడు, చిట్టచివర ఈయనుంటాడు. ఎవర్నీ దాటకూడదు, ఎవర్నీ తొందరపెట్టకూడదు, ఎవర్నీ వదిలేసి పోకూడదు. ఆయన కనుమ చేరాడంటే అందరూ చేరినట్టే, వేరే లెక్క చూసుకోనక్కర్లేదు. అందుకే ఆయన వచ్చేదాకా పైన ఎవరూ భోజనానికి కూర్చోరు. చేరిన కొత్తలో ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. అసలు పేరు ఆఫీసువాళ్ళకి కూడా ఠక్కున గుర్తురాదు.

మనిషి పొట్టి. ఛాతీ వెడల్పు, పిక్కలు కొయ్యలో చెక్కినట్టుంటాయి. హెల్మెట్ పట్టీ ఒరుసుకుని ఒరుసుకుని గడ్డం కింద తెల్లటి చార ఒకటి పడింది. తొక్కేటప్పుడు భుజాలు కదలవు. ఇంట్లో పీట వేసుకుని కూర్చున్నంత నిమ్మళంగా ఉంటాడు సీటు మీద. ఇన్నేళ్ళలో ఆయన ఎక్కడికీ మొదట చేరలేదు. ఆ బెంగ ఉన్నవాడైతే ఈ పనిలో నెల తిరక్కుండానే పారిపోయేవాడు.

ఆ పొద్దున లేచినప్పట్నుంచీ ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది ఆయనకి. రొమ్ము రుద్దుకోవడం భార్య చూసింది. "ఇవాళ్టికి మానెయ్యరాదూ?" అంది. "గ్యాసే" అన్నాడు. ఆవిడ మాత్ర ఇచ్చింది, మింగాడు. ఇంకాసేపుంటే సెలవు పెట్టిస్తుందని బూట్ల తాళ్ళు సరిగ్గా కట్టుకోకుండానే బయటపడ్డాడు.

ఆవేళ వెనకబడ్డది దర్జీ ఆవిడ. అరవైకి దగ్గరపడ్డ మనిషి, భారీ శరీరం, పసుపురంగు చొక్కా. తనే కుట్టుకుందట. కూతుళ్ళు సరదాపడి వెంట తెచ్చుకున్నారు గానీ, "నీ మోకాళ్ళకి కుదరదమ్మా, నువ్వు వ్యాన్లో వచ్చెయ్యి" అన్నారు. ఆవిడ వినలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన కాళ్ళతో తను కొండెక్కాలి. అంతకు మించి ఆవిడకి ఇంకో కోరిక లేదు.

"బతుకంతా తొక్కుతూనే ఉన్నాను అన్నయ్యగారూ" అంది రొప్పుతూ. "కుట్టుమిషను. ఎంత తొక్కినా గది గుమ్మం దాటలేదు."

"ఇది దాటుతుందమ్మా" అన్నాడు తోకాయన. "నిదానంగా పోనివ్వండి. కొండ ఎక్కడికీ పారిపోదు."

వెనకనుంచి ఆవిణ్ణి చూస్తూనే ఉన్నాడు. ముందు మెడ భుజాల్లోకి కుంగుతుంది. తర్వాత హ్యాండిలు అటూ ఇటూ వంకర్లు పోతుంది. ఆ తర్వాత మనిషి సైకిలు దిగుతుంది. ఒకసారి దిగి "ఇక నావల్ల కాదు" అన్నవాళ్ళు మళ్ళీ ఎక్కడం ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ మాట నోట్లోంచి రాకుండా చూసుకోవడమే ఆయన నేర్చిన విద్య. హ్యాండిలు వంకర పోయిందో లేదో, పెడలు చటుక్కున వెనక్కి తిప్పి మడమతో చైనుని ఒక్క తాపు తన్నాడు.

"అయ్యో, చైను ఊడిందమ్మా. ఒక్క నిమిషం ఆగుతారా?"

ఆవిడ ఆగింది. ఆగక ఏం చేస్తుంది, పాపం ఆయన చైను ఊడితే! తోకాయన రోడ్డుమీద చతికిలబడి చైనుని తిట్టాడు, దాన్ని బిగించినవాణ్ణి తిట్టాడు, చేతితొడుగులు విప్పి వేళ్ళకి నల్లటి గ్రీజు పూసుకున్నాడు. ఆవిడ గోడకి ఆనుకుని నీళ్ళు తాగింది. చెట్ల పైనుంచి చల్లటి గాలి దిగింది. ఆవిడ ఊపిరి కుదుటపడ్డాక చైను కూడా కుదుటపడింది. పాము చావలేదు, కర్రా విరగలేదు.

ఇన్నేళ్ళుగా ఎంతమంది కోసం అలా ఊడిందో ఆ చైను. అలిసినవాడు అలిశానని ఒప్పుకోనక్కర్లేదు. పైగా ఇంకొకరి కోసం ఆగిన మంచివాడవుతాడు. చేతకానివాడన్న పేరేమో తోకాయనకి. పక్కవాడి పరువు కాపాడ్డానికి తన పరువు ఇంత తేలిగ్గా పారేసుకునే మనుషులు ఎంతమంది ఉంటారు? నేనైతే ఇంకొకణ్ణి చూడలేదు.

కిందనుంచి వ్యాను వచ్చి పక్కన ఆగింది. నడిపేవాడు తోకాయనకి స్వయానా బావమరిది. కంపెనీకి మెకానిక్కూ వాడే, డ్రైవరూ వాడే.

"మళ్ళీ ఊడిందా బావా? మొన్ననేగా కొత్త చైను వేశాను! నా పరువు తియ్యడానికే మా అక్కని చేసుకున్నట్టున్నావు" అని నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆవిణ్ణి ఎక్కించుకుపోనా? పైన అందరూ ఆకలితో ఉన్నారు."

"అడిగితే ఎక్కేస్తుంది. అందుకే అడక్కు."

"నీకేంటి, ఇలా చెమట్లు పోస్తున్నాయి?"

"కొండెక్కేవాడికి చెమట పోయక పన్నీరు పోస్తుందేంట్రా? పో, పోయి పళ్ళేలు సర్దు."

వ్యాను వెళ్ళిపోయింది. దాని చప్పుడు చెట్లలో కలిసిపోయాక ఏటి శబ్దం మళ్ళీ పైకొచ్చింది.

చైను ఇంకోసారి ఊడింది, మరోసారి ఊడింది. కానీ దర్జీ కళ్ళు ఊరికే ఉంటాయా? కుట్టు ఎక్కడ విడిందో, విడిందా విప్పారా అన్నది ఇట్టే పట్టేసే కళ్ళవి. మడమ తాపు ఆవిడ భుజం మీంచి చూసింది. చూసి ఒక మలుపు తిరిగింది.

"మీ చైను భలే తెలివైంది అన్నయ్యగారూ" అంది అప్పుడు. "నాకు ఆయాసం ఎప్పుడొస్తుందో దానికెలా తెలుస్తుందో!"

దొంగ దొరికిపోయాడు. సిగ్గుపడి నవ్వాడు. "ఎవరికీ చెప్పకండమ్మా. మా బావమరిదికి తెలిస్తే నన్ను బతకనివ్వడు."

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతూనే తొక్కింది. ఆ నవ్వుతో సగం మలుపు అలుపు తెలియకుండా గడిచిపోయింది.

చివరి మలుపుకి ముందు చిన్న కల్వర్టు ఉంది. అక్కడ చెట్లు పలచబడి ఎండ రోడ్డు మీద పడుతుంది. పైనుంచి మాటలు వినిపిస్తున్నాయి. ఎడమచెయ్యి బరువెక్కి హ్యాండిలు మీద నిలవడం లేదు తోకాయనకి. సైకిలు ఆపి కాలు కింద పెట్టాడు.

"చైను ఊడిందమ్మా. మీరు పదండి. వేసుకుని వచ్చేస్తాను."

ఆవిడ ఆగి వెనక్కి తిరిగి చూసింది. చైను ఊడలేదు. పళ్ళచక్రం మీద చక్కగా, ఎండకి మెరుస్తూ ఉంది. ఆవిడకి కళ్ళు చెమర్చాయి. వెనక ఈయనుంటే 'తీసుకొచ్చాడు' అంటారు, ఒక్కదాన్నే పోతే 'వచ్చింది' అంటారు. అందుకే కదా ఈయన ఆగిపోయాడు! ఇంత మర్యాద తనకి ఎవరూ ఎప్పుడూ చెయ్యలేదనుకుంది. చేతులు జోడించి, ముందుకి తిరిగి తొక్కింది.

పసుపు చొక్కా మలుపు తిరిగేదాకా ఆయన నిలబడే ఉన్నాడు. తర్వాత సైకిల్ని గోడకి చేరవేసి, తనూ కూలబడ్డాడు. ఇన్నేళ్ళలో ముందు ఒక మనిషి వీపు లేకుండా ఆయన ఆ రోడ్డుని చూడ్డం అదే మొదలు. పైన ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. "అమ్మా!" అని ఎవరో అరిచారు. ఆవిడ చేరింది. ఆయన పెదాలు కొంచెం విచ్చుకున్నాయి. తల వెనక్కి వాల్చి రాతికి ఆనించాడు.

పైన కూతుళ్ళు ఆవిణ్ణి వాటేసుకున్నారు. "నేనే వచ్చాను. ఒక్కదాన్నే" అని ఆవిడ చిన్నపిల్లలా పదిసార్లు చెప్పుకుంది. పళ్ళేలు సర్ది ఉన్నాయి. ఎవరూ కూర్చోలేదు.

"ఏనుగు పోయి తోక చిక్కినట్టుంది మా బావ సంగతి" అన్నాడు బావమరిది. "చైనుతో కుస్తీ పడుతున్నాడేమో."

అందరూ నవ్వారు. అందరికంటే ముందు దర్జీ ఆవిడ నవ్వింది, ముందు నవ్వు ఆగింది కూడా ఆవిడకే.

"ఆయన చైను ఊడలేదు బాబూ" అంది.

"ఏంటమ్మా?"

"ఊడిందన్నాడు. ఊడలేదు. నేను చూశాను... చూసి, వచ్చేశాను."

బావమరిదికి ఇందాకటి చెమటలు గుర్తొచ్చాయి. వ్యాను వైపు పరిగెత్తాడు. పొద్దుటినుంచీ ఎక్కనని మొండికేసిన ఆ వ్యాను వాడికంటే ముందు ఆవిడే ఎక్కింది.

తోకాయన కళ్ళు మూసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. భుజం పట్టి కుదిపితే పక్కకి ఒరిగాడు. "బావా, లే బావా" అంటూ వాడు రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. ఆవిడ ఆయన తలని ఒళ్ళోకి తీసుకుని, మొహానికి పట్టిన చెమటని తన చొక్కా అంచుతో తుడిచింది. ఆ రోజు కనుమలో ఎవరూ అన్నం ముట్టలేదు. అందరూ సైకిళ్ళు నడిపించుకుంటూ వ్యాను వెనక కొండ దిగారు. తోకాయన ముందు వెళ్ళాడు.

కల్వర్టు గోడ మీద, ఆయన కూర్చోబోయే ముందు విప్పి పెట్టిన చేతితొడుగులు ఎవరి కంటా పడలేదు. అరచేతులు అరిగి, వేళ్ళు లోపలికి వంగి, రెండూ పక్కపక్కన ఎండలో ఆరుతున్నాయి.