పరీక్షకు వచ్చే రాక్షసుడు

లైబ్రేరియన్ వీరేశానికి ఒకటే పిచ్చి. చిత్రకేతు అనే కలంపేరుతో ఒకాయన రాసిన రాక్షసుల కథలంటే ప్రాణం పెడతాడు. తన ప్రాణాన్ని ఎక్కడో భద్రంగా దాచి, ఎక్కడ దాచాడో మరిచిపోయి, చివరికి తనను చంపడానికి వచ్చిన రాకుమారుడినే బతిమాలి వెంటబెట్టుకుని వెతికే రాక్షసుడు వాటిలో ఉంటాడు. వీరేశం పదో తరగతి తప్పిన ఏడాది, ఇంట్లో ఎవరూ మాట్లాడని ఆ ఎండాకాలమంతా, ఆయనను నవ్వించి బతికించింది ఆ రాక్షసుడే.

ఇప్పుడు లైబ్రరీలో ఉన్న ఆ కథల పుస్తకాలు ఎనిమిదింటికీ గండం వచ్చింది. ఐదేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకుపోని పుస్తకాలను ఏరి శనివారం మూట కట్టమని పైనుంచి కాగితం వచ్చింది. ఆ మూట పోయేది పాత కాగితాల కొట్టుకే.

అచ్చంపేట దారిలోని ఆ చిన్న ఊరి లైబ్రరీకి వచ్చేవాళ్లు లేక కాదు. తలుపు తీయకముందే ముప్పై మంది నిలబడి ఉంటారు. అందరూ సర్కారు కొలువు పరీక్షలకు చదివేవాళ్లే. టిఫిన్ డబ్బా, సొంత పుస్తకాలు తెచ్చుకుని కుర్చీ పట్టుకుంటారు. బీరువాల వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

వీరేశం ఒక్కొక్కరికీ చెప్పి చూశాడు. చెప్పడమే ఆయనకు చేతకాదు, అదీ తంటా. కథ మొదలుపెట్టగానే ముందు తనకే నవ్వొచ్చేది. "గా రాక్షసుడు పోయి రాకుమారుని కాళ్ల మీద పడి..." అంటూ కడుపు పట్టుకునేవాడు. వినేవాళ్లకు ఆయన నవ్వు తప్ప కథ అందేది కాదు.

"మంచిగనే ఉన్నది గని సార్," అన్నాడు మెకానిక్ షెడ్డు మానేసి చదువుకు కూర్చున్న నవీద్. "గిది ఏ పేపర్ల వస్తది?"

వీరేశానికి ఒళ్లు మండిపోయింది. కానీ అది శుక్రవారం సాయంత్రం. నోరు జారింది.

"సాహిత్యం కింద వస్తదంటున్నరు. ఈసారి పక్కా."

అంతే, పావుగంటలో ఎనిమిదీ ఖాళీ. వీరేశం రిజిస్టరులో ఎనిమిది పేర్లూ రాసుకున్నాడు. అబద్ధమైతేనేం, ఒక్క పేజీ చదివితే చాలు, ఆ తర్వాత సంగతి రాక్షసుడే చూసుకుంటాడని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

సోమవారం హాలు నిండా ఆ పుస్తకాలే, ఒక్కోదాని చుట్టూ నలుగురేసి. వీరేశం చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఎక్కడా కిసుక్కుమన్న చప్పుడు లేదు. అందరూ స్కేలు పెట్టి గీతలు గీస్తున్నారు. మధ్యాహ్నానికి నవీద్ ఏ రాక్షసుడి ప్రాణం ఎందులో ఉందో గళ్లు కట్టి రాసి గోడకు అంటించాడు.

అప్పుడు అక్షిత లేచి వచ్చింది. రెండుసార్లు ఒక్కో మార్కుతో కొలువు తప్పిన పిల్ల.

"సార్, జర గీ డౌట్ చెప్పుండ్రి. ప్రాణం దాచింది నలభయ్యో పేజీల ఏడు సముద్రాల అవతల అని ఉన్నది. యాభయ్యో పేజీల తొమ్మిదంటడు. గీడ పదకొండు. ఏది రైటు పెట్టాలె?"

"వానికి యాదికి లేదు బిడ్డ. అడిగినప్పుడల్ల ఒక లెక్క చెప్తడు. గదే... గదే నవ్వు."

"గది సరే సార్. జవాబు?"

ఇక దాచలేకపోయాడు. "పరీక్షల రాదు బిడ్డ. నేనే అబద్ధం చెప్పిన. చదివి జర నవ్వుకుంటరని."

అక్షిత ముఖం పాలిపోయింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"మూడు దినాలు పాయె సార్," అని పుస్తకం బల్ల మీద పెట్టింది.

వీరేశం సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా ఉండబట్టలేక అడిగాడు. "ఒక్కసారన్న నవ్వు రాలేదా బిడ్డ?"

"వచ్చింది సార్, పదకొండు అన్నకాడ. ఆపుకున్న. నవ్వుకుంట కూసుంటే చదివింది యాదికుండదు గద."

ఆమె పోయి కుర్చీలో కూర్చుని వేరే పుస్తకం తెరిచింది. ఆ పిల్లను నవ్వమని చెప్పే నోరు వీరేశానికి లేకపోయింది.