గులాబీ రంగు ట్యూబు

మా ల్యాబ్‌లో ఒక రూలుంది. రక్తాన్ని మిషన్‌లో గిర్రున తిప్పాక పైన తేలే ప్లాస్మా లేత పసుపుగా ఉండాలి. గులాబీ రంగు కనిపిస్తే ఎర్రకణాలు పగిలాయని అర్థం. ఆ ట్యూబు పారేసి మళ్ళీ రక్తం తీయాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ ముక్క నేర్పేది నేనే.

మామయ్య ట్యూబు గులాబీ రంగులో ఉంది.

ఆయన మా అమ్మకి తమ్ముడు. గోడలకు రంగులు వేస్తాడు. గుండె ముసలితనం మీద మా ల్యాబ్‌వాళ్ళు చేస్తున్న పరిశోధనకు అరవై దాటినవాళ్ళు కావాలంటే నేనే బతిమాలి తీసుకొచ్చాను. నరం దొరక్క మూడుసార్లు పొడిచాను. నాలుగోసారి అడగడానికి మొహం చెల్లలేదు. కాస్త గులాబీయేలే అనుకుని ఆ ట్యూబునే పరీక్షకు పంపేశాను.

మేం కొలిచేది మైక్రోఆర్‌ఎన్‌ఏలను. కణంలో ఏ ప్రోటీను ఎంత తయారవ్వాలో అదుపు చేసే బుల్లి ముక్కలవి. వయసుతోపాటు గుండెలో కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. ఆ జాడ రక్తంలో దొరుకుతుందా అన్నది ఇంకా తేలలేదు. అందుకే ఎవరి అంకెలూ ఎవరికీ చెప్పకూడదు. నా నోటిదురద ఊరుకుంటుందా? భోజనాల దగ్గర అందరి ముందూ పెద్ద డాక్టర్‌లా చెప్పాను, "మామయ్యా, నీ గుండె నీకంటే పదేళ్ళు పెద్దది."

అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. వారం తిరక్కుండా నిచ్చెన ఎక్కడం మానేశాడు.

నెల తర్వాత మా ల్యాబ్ పెద్ద మేడమ్ అంకెలు చూస్తూ ఒకచోట ఆగారు. ఇందులో ఉన్నవి చాలావరకు పగిలిన ఎర్రకణాల నుంచి కారిన మైక్రోఆర్‌ఎన్‌ఏలే, గుండె గురించి ఇది ఏమీ చెప్పదు, కొట్టెయ్యమన్నారు. ఆ ట్యూబు నంబరు మామయ్యది. తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఆయన పనిచేస్తున్న ఇంటికి వెళ్ళాను. కింద కూర్చుని తలుపు అంచుకు రంగు వేస్తున్నాడు. నీళ్ళు నమలకుండా చెప్పేశాను, ట్యూబులో రక్తం పాడైందని, ఆ అంకెలు తప్పని, ఆయన గుండె సంగతి మాకేమీ తెలియదని.

కుంచె పక్కన పెట్టాడు. "రక్తం పాడైందని నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"తీసిన రోజే."

తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి నిచ్చెన దగ్గరికి వెళ్ళాడు. మూడు మెట్లు ఎక్కి ఆగాడు. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, ఇంకో చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"పర్లేదులే, నువ్వెళ్ళు" అన్నాడు, నావైపు చూడకుండా.

వెళ్ళలేదు. ఆయన దిగేదాకా నిచ్చెన పట్టుకుని, తల దించుకుని నిలబడ్డాను.