లేని మొక్కు

మాలకొండమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. చేతకాక కాదు, ఆడాల్సిన అవసరం అంతకుముందు రాలేదు. రెండేళ్ల క్రితం దాకా ఆమె, మొగుడు శ్రీకృష్ణ కలిసి అద్దంకి పక్క ఊళ్లో మూడెకరాల మిరపతోట కౌలుకు చేసినవాళ్లే. కోతల రోజుల్లో కూలీలకు బిందెతో మజ్జిగ తీసుకెళ్లి పోసిన చెయ్యి ఆమెది. వరసగా రెండేళ్లు తామరపురుగు తోటను ఊడ్చేసింది. శ్రీకృష్ణ పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి వెళ్లిపోయాడు. ఆమె ఇద్దరు పిల్లల్నీ పొయ్యినీ పెట్టుకుని ఇక్కడ మిగిలింది. ఈ ఏడు మిరప పండేసరికి తనే కోతకూలికి బయలుదేరింది.

ఆ ఇంట్లో ఒకటే నియమం. పిల్లల కంచంలో కూర లేకుండా అన్నం పడకూడదు. శ్రీకృష్ణ పంపేది బాకీలకే సరిపోయేది కాదు గనక ఆ నియమం నిలబెట్టడానికి మాలకొండమ్మ పడని పాట్లు లేవు. ఆదివారం చీకటి పడే వేళకి, అంగళ్లవాళ్లు గోతాలు దులిపేటప్పుడు అద్దంకి మార్కెట్‌కి వెళ్లేది. పుచ్చు వంకాయల్లో పుచ్చు కోసేస్తే మిగిలేది వంకాయే కదా! ఉలవలు ఉడకబెట్టి నీళ్లు చారుకీ, గింజలు తాలింపుకీ వాడేది. దోసకాయలో గుప్పెడు ఎండు రొయ్యలు పడేస్తే అయిదో తరగతి చైతన్యకృష్ణ వేళ్లు నాకేవాడు. మునగాకు పప్పయితే ఎనిమిదో తరగతి తేజశ్రీ రెండోసారి పెట్టించుకునేది. పిల్లలు రెండోసారి అడిగితే తల్లి వాటా గిన్నెలోంచి వాళ్ల కంచాల్లోకి వెళ్లేది. ఆమె క్యారేజీలోకి అన్నం, దాని మీద గొడ్డుకారం మిగిలేవి. గొడ్డుకారమంటే ఎండుమిరపకాయలు, ఉప్పు, వెల్లుల్లి వేసి దంచిన ఉత్త కారం. దానికి లోటు లేని దేశం ఇది.

కోతల మొదటి రోజు మధ్యాహ్నం వచ్చిపడింది చిక్కు. ముఠాలో ఆమెతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లు. తుమ్మచెట్టు కింద గుండ్రంగా కూర్చుని బాక్సులు తెరిచారు. తెరిచిన బాక్సు తెరిచినట్టు ఎవరూ తినరు. తన కూర తలా కాస్త పక్కవాళ్ల మూతల్లో వెయ్యాలి, వాళ్ల కూరలు తన మూతలో వేయించుకోవాలి. ఎక్కడి కోతల్లోనైనా ఇదే పద్ధతి, ఆమెకు తెలియనిది కాదు. ఒకప్పుడు మజ్జిగ పోస్తూ నవ్వుకుంటూ చూసిందే.

మేస్త్రి సుబ్బరావమ్మ గరిటె ఎత్తి, "మూత పట్టవే అమ్మాయ్" అంది.

మాలకొండమ్మ తన బాక్సు మూత గట్టిగా అదిమి పట్టుకుంది. పుచ్చుకుంటే ఇవ్వాలి. ఇవ్వడానికి లోపల ఎర్రటి కారం తప్ప ఏమీ లేదు. ఒకప్పటి రైతు భార్య ఈ పదకొండు మంది ముందు గొడ్డుకారం బాక్సు తెరవడమా!

"నేను మొక్కులో ఉన్నా అత్తా. నా కూర ఒకళ్లకి పెట్టకూడదు, ఒకళ్ల కూర నేను ముట్టకూడదు" అనేసింది.

"ఏ సామికే?"

"మాలకొండ సామికి." తన పేరే నోటికి దొరికింది.

"ఎన్నాళ్లు?"

"నలభై ఒక్క రోజులు."

మూడు రోజులనో, వారమనో అంటే ఏం పోయేది? నోరు జారాక ఎవరు మాత్రం వెనక్కి లాక్కోగలరు?

మొక్కు అనగానే ముఠా అంతా ఒక్కసారిగా ఒద్దికైపోయింది. సుబ్బరావమ్మ లేచి, ఇరవై అడుగుల అవతల గట్టు మీద కొమ్మతో ఊడ్చి చోటు చూపించింది. మెహర్ అనే పిల్ల, దూదేకులవాళ్ల కోడలు, తన ఎండుచేపల పులుసు గిన్నె మీద గబుక్కున చెంగు కప్పి, "వాసన తగుల్తదేమో వదినా, గాలి ఇటే కొడుతోంది" అని నొచ్చుకుంది. అంత మర్యాద చేస్తుంటే మాలకొండమ్మకి ప్రాణం చచ్చిపోయింది. గట్టు మీద కూర్చుని, వీళ్లకి వీపు పెట్టి, బాక్సు తెరిచి తింది.

ఆ రోజు నుంచీ అదే ఆమె చోటు. ఎవరి కూరలో ఉప్పు తక్కువైందో, ఎవరి అత్త ఏమందో, మెహర్ మొగుడు బుడాన్ కూరలో ముక్కలు లెక్కపెట్టి ఎట్లా అలిగాడో, అన్నీ గాలిలో వినపడేవి. నవ్వు వస్తే ఆపుకునేది. వినిపించుకోనట్టు ఉండాలి కదా, మొక్కులో ఉన్న మనిషి! ఇంటికి వెళితే పిల్లలు తినేసి పుస్తకాల్లోనో ఫోన్‌లోనో పడేవాళ్లు. ఎనిమిదింటికి శ్రీకృష్ణ ఫోన్ చేసేవాడు. "తిన్నారా?" "తిన్నాం. నువ్వో?" "తిన్నా." తర్వాత కాసేపు అతని దగ్గు వినపడేది. రోజు మొత్తంలో ఆమెతో ఎవరైనా మనసు పెట్టి మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దానికి గట్టు మీద ఈ కూడు తోడైంది.

ఇరవయ్యో రోజునో ఏమో, ఆమె దశ తిరిగింది. ఆదివారం మార్కెట్లో ఒకాయన ఇంటికి మోసుకుపోలేక అరగంప లేత వంకాయలు కారుచౌకగా కుమ్మరించి వెళ్లాడు. సోమవారం తెల్లారి గుత్తివంకాయ చేసింది. పిల్లలు తిన్నంత తిన్నాక కూడా మిగిలింది. పెద్ద బాక్సు నిండా పెట్టుకుని, అప్పటికి తన మొక్కు సంగతే మర్చిపోయి, పదకొండు మూతల్లో తలా ఒక కాయ వేస్తున్నట్టు ఆటోలో దారిపొడుగునా ఊహించుకుంది. మధ్యాహ్నం లేచి రెండడుగులు వేసింది కూడా. సుబ్బరావమ్మ అప్పటికే గట్టు మీద ఆమె చోటు ఊడ్చి పెట్టింది.

ఆ రోజు వీపు పెట్టి కూర్చోలేదు. బాక్సు మూత తీసి, గాలి వాలు చూసి పక్కన పెట్టింది. వాసన తగలకపోతుందా!

"అబ్బ, ఏం గుబాళింపే!" అంది ఒకామె.

"అటు చూడమాకండే, దిష్టి తగుల్తది. సామి కూర అది" అని కసిరింది సుబ్బరావమ్మ.

నువ్వుల పొడి, ధనియాలు, అన్నీ సరిగ్గా కుదిరిన కూర. బాగుందని చెప్పేవాళ్లు లేక మాలకొండమ్మకి ముద్ద దిగలేదు. గొడ్డుకారం తిన్నప్పుడు కూడా ఇంత ఏకాకిగా అనిపించలేదు.

ముప్ఫై తొమ్మిదో రోజు సాయంత్రం ఆటో ఎక్కుతుంటే సుబ్బరావమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఎల్లుండితో నీ మొక్కు తీరుద్ది. ఆ మర్నాటితో కోతలూ ఆఖరు. మొక్కు తీరిన్నాడు పదిమందికి పెట్టాలి గదే, నువ్వు వేరే ఎక్కడా చెయ్యబాక. మేమే పదకొండు మందిమి ఉన్నాం. ఆ రోజు మేం బాక్సులు తెచ్చుకోం."

మంచి మనసుతో అన్న మాట. అందుకే కాదనడానికి సందు లేదు. అబద్ధం చెప్పానంటే సిగ్గు. కూర లేక చెప్పానంటే అంతకన్నా సిగ్గు. ఆ రాత్రి శ్రీకృష్ణ ఫోన్ చేసినప్పుడు, "ఏమయ్యా, ఒక మాట..." అంది. అవతల దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. "ఏంది చెప్పు" అన్నాడు ఆయాసంతో. "ఏం లేదు. వేణ్ణీళ్లు తాగి పడుకో" అని పెట్టేసింది.

నలభై ఒకటో రోజు కోడి కూయకముందే లేచింది. నెలకని దాచిన కందిపప్పు డబ్బా బోర్లించి దులిపింది. చేలగట్ల మీద కోసుకొచ్చిన గోంగూర అందులో పడింది. చేటలో ఉన్న నాలుగు వంకాయలూ పచ్చడైపోయాయి. చైతన్యకృష్ణ కళ్లు నులుముకుంటూ వచ్చి ఖాళీ డబ్బా కేసి చూశాడు.

"రేపు మనకి పప్పు?"

"చూద్దాంలే" అంది. తేజశ్రీ తమ్ముణ్ణి అక్కణ్ణుంచి లాక్కుపోయింది.

మధ్యాహ్నం పదకొండు విస్తళ్లలో వడ్డించింది. వాళ్లు ఆబగా తిన్నారు. మెహర్ పప్పు మూడుసార్లు పెట్టించుకుంది. సుబ్బరావమ్మ వేలు నాకి, "ఇట్టాంటి చెయ్యి పెట్టుకుని నలభై రోజులు మమ్మల్ని మాడ్చావు గదే!" అంది. మాలకొండమ్మ వంగి వడ్డిస్తూ, ఒక్కొక్కళ్ల మొహం దగ్గరగా చూస్తూ, కడుపు నిండినంత సంతోషపడింది. వడ్డించే మనిషి ఆఖర్న కదా తినేది! ఆమె వంతు వచ్చేసరికి గిన్నె అడుగు గరిటెకి తగిలింది. అప్పటికి అందరూ చేతులు కడుక్కుని సాళ్లలోకి వెళ్లిపోయారు.

మర్నాడు, కోతల ఆఖరి రోజు, సుబ్బరావమ్మ గట్టు ఊడవలేదు. తన పక్కన చోటు చూపించి, "ఇయ్యాల్టి నుంచి నీ కూర మాకు, మా కూర నీకు. మూత తియ్యి" అంది.

మాలకొండమ్మ మూత తీసింది. ఇంకో అబద్ధం ఆడే ఓపిక ఆమెలో లేదు.

తెల్లటి అన్నం మీద గొడ్డుకారం. పదకొండు మందీ దానికేసి చూశారు.

"కూర మర్చిపోయావా వదినా?" అంది మెహర్.

"మర్చిపోలేదు. నాకు రోజూ ఇదే. మొక్కూ లేదు, గిక్కూ లేదు. పంచడానికి కూర లేక ఆడిన మాట అది."

సుబ్బరావమ్మ మొహం కందగడ్డయింది. "మరి నిన్నటి పప్పు?"

"నెలకని దాచింది."

"ఒసేయ్! నీ పిల్లల నోటికాడ కూడు మా చేత తినిపించావంటే! మేం ఏమన్నా రాబందులమా? ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా? నలభై రోజులు అల్లంత దూరాన కుక్కని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాం గదే నిన్ను!" తిడుతూనే సుబ్బరావమ్మ ఆ గొడ్డుకారం చిటికెడు తీసుకుని తన అన్నంలో కలుపుకుంది. పక్కామె కూడా చెయ్యి పెట్టింది. మెహర్ చేపల పులుసు గిన్నె మీద అలవాటుగా కప్పిన చెంగు తీసింది. ఎవరెవరో ఏవేవో వేశారు. మాలకొండమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చిన్నప్పటి నుంచీ ఆ గుంపులో ఉన్నదానిలా, "ఉప్పెక్కువైంది మెహరూ" అంది. అందరూ విరగబడి నవ్వారు. మెహర్ ఆమె వీపు మీద ఒకటి చరిచింది. ఆ పూట అన్నం తినడానికి గంట పట్టింది.

సాయంత్రం ఆటో ఆమెను ఊరి మొదట్లో దింపింది. "జూన్‌లో పత్తిగింజలు పెట్టడానికి పిలుస్తాలే" అని అరిచింది సుబ్బరావమ్మ. ఇంకా రెండు నెలలు. ఆటో మలుపు తిరిగేదాకా లోపలి మాటలు వినపడ్డాయి, తర్వాత వినపడలేదు. మాలకొండమ్మ బాక్సు చంకన పెట్టుకుని రెండడుగులు వేసి, మళ్లీ ఆగిపోయింది. నలభై రోజులు గట్టు మీద ఒక్కతే తింటున్నప్పుడు రాని ఏడుపు, ఒక్క పూట కలిసి తిన్నాక వచ్చింది.