పంటిగాటు

"కళ్ళు మూసుకుని చెయ్యి చాపు," అన్నాడు భర్త.

ఆమె చేతులు రెండూ సబ్బునీళ్ళలో ఉన్నాయి. ఒక చేతిలో అరిగిపోయిన పళ్ళబ్రష్షు, ఇంకో చేతిలో ఎవరింటి అటక మీదో ఏళ్ళ తరబడి పడి ఉన్న వేలెడంత సైనికుడు. వాడి చంకల్లో మట్టి ఎంతకీ వదలడం లేదు.

"చేతులు తడిగా ఉన్నాయండీ, ఒక్క నిమిషం."

"చూశారా మా ఆవిడ సరసం!" అని ఆయన కౌంటరు దగ్గరున్న బట్టతలాయన వైపు తిరిగి నవ్వాడు. ఆమె చేతులు తుడుచుకునేదాకా ఆగలేదు. చేతిలోది తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేశాడు. అట్టకు అతికించిన ప్లాస్టిక్ బుడగలో సిగ్నల్ సైనికురాలు నిలబడి ఉంది. హెల్మెట్ మీద పసుపు చార, వీపున రేడియో పెట్టె, ఎవరి చెయ్యీ తగలని మెరుపు. ఫ్యాక్టరీలో అతికించిన బుడగ అతికించినట్టే ఉంది.

"నీ పాతది తీసేసి ఇది తెచ్చాను. దాని హెల్మెటంతా కొరికేసి ఉంది కదా, మన దుకాణంలో ఉండాల్సిన సరుకేనా అది?"

ఆమె తల ఎత్తి గూట్లోకి చూసింది. పనిబల్లకు ఎదురుగా గోడలో ఉన్న చిన్న గూడు అది. ఖాళీగా ఉంది.

"అదృష్టవంతులు మేడం," అన్నాడు బట్టతలాయన. "మా ఆవిడకి ఇలాంటి బహుమతి తెచ్చానంటే, దాంతోనే నా నెత్తి మీద కొడుతుంది."

ఆమె నవ్వింది. కొనేవాళ్ళ ముందు నవ్వడం కూడా దుకాణం పనుల్లో ఒకటి. గదులు ఊడవడం, బొమ్మలు కడగడం, వదులైన కీళ్ళు బిగించడం, ఏ తుపాకీ ఏ సైనికుడిదో వెతికి జతచేయడం ఎలాగో ఇదీ అలాగే. దేనికీ జీతం లేదు.

అది పాత బొమ్మల దుకాణం. ‘చుక్కల దళం’ అని ఒకప్పుడు టీవీలో ఒక సీరియల్ వచ్చేది. ఆకాశంలో గ్రహం నుంచి గ్రహానికి తిరుగుతూ యుద్ధాలు చేసే సైన్యం కథ. ఆ సైనికుల బొమ్మలు అప్పట్లో ఊరూరా అమ్మారు. మెడా, భుజాలూ, మోచేతులూ, మోకాళ్ళూ అన్నీ కదులుతాయి. అప్పుడు వాటితో ఆడుకున్న పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలూ పొట్టలూ తెచ్చుకున్న పెద్దమనుషులై, పోగొట్టుకున్న వాటిని ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ వస్తారు. ముందు గది భర్తది, వెనక గది ఆమెది. ముందు గదిలో మాటలు, వెనక గదిలో పని. బోర్డు మీద ఆయన పేరు ఉంటుంది. ఈ దుకాణం ఏ పెట్టుబడితో మొదలుపెట్టారని ఎవరైనా అడిగితే ఆయన "ధైర్యంతో" అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ దుకాణం మొదలైంది ఆమె బొమ్మలతో.

పెళ్ళికి ముందే ఆమె దగ్గర చుక్కల దళం దాదాపు పూర్తిగా ఉండేది. పక్కింటి పిల్లలకు పాఠాలు చెప్పి, నడిచి వెళ్ళి బస్సు డబ్బులు మిగిల్చి, ఒక్కొక్కరినీ కూడబెట్టుకుంది. కాపురానికి వచ్చిన రోజున అత్తగారు ఆమె పెట్టె మూత తెరిచి, "బట్టలుంటాయనుకుంటే సిపాయిలున్నారేంట్రా! ఈ పిల్ల కాపురానికొచ్చిందా, యుద్ధానికొచ్చిందా?" అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఏడాది తిరక్కుండా భర్త ఉద్యోగం పోయింది. "మనిద్దరి దుకాణం అవుతుంది, ఆలోచించు," అన్నాడాయన. ఆమె ఆలోచించింది. ముందుగా పైలట్లు వెళ్ళిపోయారు, తరవాత వైద్యులు, తరవాత కమాండరు. అమ్ముడైన ప్రతిసారీ ఆమే తుడిచి, ఆమే కాగితంలో చుట్టి, ఆమే ఇచ్చింది. దానికి ఆమె బాధపడలేదు. సరుకన్నాక చేతులు మారాలి. ఆ తెలివి ఆమెకు ఆయన కంటే ముందే ఉంది. ఒక్క సిగ్నల్ సైనికురాలిని మాత్రం అట్టేపెట్టుకుంది. సీరియల్‌లో అందరూ తుపాకులు పేలుస్తుంటే, ఆ పిల్ల ఒక్కతే ఒక బండరాయి చాటున రేడియో చెవికి ఆనించుకుని, ఎవరు ఎక్కడ ఆపదలో ఉన్నారో వింటూ కూర్చునేది. చిన్నప్పుడు ఎందుకో ఆ కూర్చోవడం ఆమెకు నచ్చింది.

తరవాత పాప పుట్టింది. దుకాణం మూసుకుని ఇంట్లో కూర్చునే వీలు లేదు. పాపను వెనకగదిలో, బల్ల పక్కనే చాప పరిచి కూర్చోబెట్టుకుని పని చేసుకునేది. పళ్ళు వచ్చే రోజుల్లో చిగుళ్ళ దురదకు పాప చేతికి ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునేది. అమ్మకానికి ఉన్నవి ఇవ్వలేదు కాబట్టి, కడిగి తుడిచి తన సైనికురాలినే ఇచ్చింది. పాప బొమ్మను రెండు చేతులా పట్టుకుని, సొంగ కారుస్తూ, కళ్ళు పెద్దవి చేసి హెల్మెట్‌ను కొరికేది. కింద రెండు పళ్ళు, పైన ఒకటి. హెల్మెట్‌కు ఒక పక్కన రెండు గాట్లు, ఇంకో పక్కన ఒక గాటు అలా పడ్డాయి. పైన రెండో పన్ను చిగుట్లో తెల్లగా కనిపిస్తూ ఉండగానే జ్వరం వచ్చింది. ఆ పన్ను బయటికి రాలేదు.

"మెదడుకు పాకిన జ్వరం అమ్మా. మీరు చేసిందీ, చేయనిదీ ఏమీ లేదు," అన్నాడు డాక్టరు. భర్త పక్కనే నిలబడి విన్నాడు. అయినా ఇంటికొచ్చాక అత్తగారు గోడకు చేరగిలబడి ఏడుస్తూ, "ఆ దిక్కుమాలిన బొమ్మల రంగంతా నాకించింది బిడ్డ చేత. పని, పని అని పసిదాన్ని పొట్టన పెట్టుకుంది," అంది. దుఃఖంలో ఉన్న పెద్దావిడ అనుకుని ఆమె నోరు మెదపలేదు. భర్త కూడా మెదపలేదు. ఆ మాట మాత్రం ఆమె లోపల ఎక్కడో ఒక మూల కూర్చుండిపోయింది. పాప కోసం ఏడుపొచ్చినప్పుడల్లా ముందు ఆ మాట లేచి నిలబడేది. దాన్ని దాటుకుని పాప దగ్గరికి వెళ్ళేసరికి కన్నీళ్ళు ఆరిపోయేవి.

ఈ వ్యాపారంలో పంటిగాటుకు మందు లేదు. రంగు పోతే వేయొచ్చు, నడుము వదులైతే లోపలి రబ్బరు మార్చి బిగించొచ్చు. ప్లాస్టిక్‌లోకి దిగిన పన్ను దిగినట్టే ఉంటుంది. బొమ్మలు అమ్ముకోడానికి వచ్చిన తల్లులతో, "కొరికినవి విడిభాగాల కిందే లెక్కమ్మా," అని ఆమే ఎన్నోసార్లు చెప్పింది. ఆ లెక్క ఇప్పుడు తన గూటి దాకా వచ్చింది.

బట్టతలాయన వెళ్ళేదాకా ఆగి, "పాతది ఏది?" అని అడిగింది.

"విరిగిన వాటితో కలిపి సంచిలో వేసి స్క్రూల బాబాయ్‌కి పంపించేశాను. ఎందుకు? అంతకంటే మంచిది తెచ్చాగా."

ఆమె అట్టపెట్టెను సంచిలో వేసుకుంది. "మందుల షాపుకి వెళ్ళొస్తా," అని చెప్పి బస్సెక్కింది.

స్క్రూల బాబాయ్‌ది సైకిళ్ళు బాగుచేసే షెడ్డు వెనక ఒక ఇరుకు గది. విరిగిన బొమ్మల వీపు మీది స్క్రూ విప్పి, చేతులు చేతుల ట్రేలో, కాళ్ళు కాళ్ళ ట్రేలో వేసి, కావాల్సిన వాళ్ళకు కావాల్సిన అవయవం అమ్ముతాడు. ఆమెను చూడగానే కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"రా తల్లీ, రా. మీ సారు పంపిన సంచి బ్రహ్మాండం. సగం అప్పుడే వాడేశాను."

"అందులో సిగ్నల్ సైనికురాలు ఉండాలి బాబాయ్."

"ఉంది, ఉంది. కాళ్ళు భలే గట్టివి. ఒక పైలట్‌కి తొడిగేశాను. చేతులు ఇందాకే పోయాయి. అంత బాగా చూసుకున్న బొమ్మ ఈ మధ్య రాలేదమ్మా."

ఆమె ముందుకు వంగి బల్ల అంచు పట్టుకుంది. "తల?"

"తలా? అదెవరికి పనికొస్తుంది? కుక్క కొరికినట్టుంది."

"కుక్క కాదు," అంది ఆమె.

ఆయన ఆమె మొహంలోకి చూసి తలల ట్రే ముందుకు జరిపాడు. వేలి గోరంత తలలు, అన్నీ ఒకేలాంటి హెల్మెట్లు, అన్నీ పైకి చూస్తున్నాయి. ఆమె కళ్ళతో వెతకలేదు. ఒక్కొక్కటీ తీసి బొటనవేలితో పక్కలు తడిమింది. కాసేపటికి వేలి కింద రెండు సన్నటి గుంటలు తగిలాయి. తిప్పితే ఇంకో పక్కన ఒకటి. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఊరికే తీసుకెళ్ళమ్మా, దానికి విలువేముంది," అన్నాడు బాబాయ్.

"ఊరికే వద్దు." ఆమె సంచిలోంచి కొత్త సైనికురాలిని తీసి బల్ల మీద పెట్టింది. "దీనికి బదులు ఇది తీసుకోండి."

బాబాయ్ అట్టను రెండు వైపులా తిప్పి చూసి నోరు తెరిచాడు. "పిచ్చెక్కిందా తల్లీ నీకు? సీలు కూడా తీయలేదు! పంటిగాటు పడ్డదాన్ని ముట్టుకోవద్దని నాకు చెప్పిందే నువ్వు. ఇంత నష్టానికి బేరమాడే మనిషివి కాదే!"

"ఈ బేరంలో నాకు నష్టం లేదు."

"ఉండమ్మా, ఎందుకైనా మంచిది, సారుని ఒక్క మాట అడుగుతాను. రేపు నా మీదికొస్తే?" అంటూనే ఫోను తీసి, చెవి సరిగా వినిపించదు కాబట్టి స్పీకరు పెట్టాడు. ఇన్నేళ్ళుగా ఆయనకు ఏ స్క్రూ ఏ బొమ్మదో చెబుతూ వచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, ఆమె బేరం సరైనదో కాదో ఆమె భర్తను అడుగుతున్నాడు. ఇలాంటివి ఆమెకు కొత్త కాదు. కానీ ఫోనులో వినిపించింది మాత్రం కొత్తదే.

"ఆ తల ఆమెకి ఇవ్వకండి బాబాయ్. కాల్చేయండి, పారేయండి, ఏమైనా చేయండి. ఆమె చేతికి మాత్రం ఇవ్వొద్దు."

బాబాయ్ గభాలున ఫోను ఆపి, "మొగుడూపెళ్ళాల మధ్యలో నేనెందుకమ్మా," అని గొణిగాడు.

"బేరం నాతోనా, ఆయనతోనా?"

ఆయన తల గీరుకున్నాడు. "నీతోనేలే," అన్నాడు.

దారి పొడుగునా ఆమె ఆ గొంతు గురించే ఆలోచించింది. సరుకు పోయిందని చిరాకు పడే గొంతు ఆమెకు తెలుసు. ఇది అది కాదు, భయపడ్డ గొంతు. పాత బొమ్మ స్థానంలో మంచిది పెట్టడం కలెక్షన్ చేసేవాళ్ళందరూ చేసే పనే, ఆయనా తెలియక అలాగే చేశాడనుకుంది. తెలియక చేసిన వాడు ‘కాల్చేయండి’ అనడు.

ఆమె తిరిగొచ్చేసరికి ఆయన దుకాణం కట్టేస్తున్నాడు. ఆమె పిడికిలి వైపు చూసి, "తెచ్చేశావా?" అన్నాడు.

"అవి పాప పళ్ళని మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే ఇచ్చేశారా?"

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఇప్పుడూ గొంతు పెంచలేదు. "ఆ గదిలోకి వచ్చిన ప్రతిసారీ నాకు అదే కనిపించేది. బిడ్డను మింగిన వస్తువును ఎవరైనా ఎదురుగా గూట్లో పెట్టుకుంటారా? నువ్వు పెట్టుకున్నావు. సరే, నీ ఇష్టం అని ఊరుకున్నాను. ఎంతకాలమని ఊరుకోను?"

"జ్వరం అని డాక్టరు చెప్పాడు. మీరు విన్నారు."

"తల్లి మొహం మీద ఇంకేం చెబుతాడు? అమ్మ ఆ రోజు అన్ని మాటలంటే నేను ఒక్కటైనా అన్నానా నిన్ను? ఈ రోజుదాకా అన్నానా? వేరేవాడైతే వదిలేసి పోయేవాడు. నేను పోలేదు." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలో అబద్ధం లేదు. "నేను నిన్ను ఎప్పుడో క్షమించేశాను."

ఆమె నిలబడిన చోటే నిలబడింది. ఇన్నేళ్ళ కాపురాన్ని కొస నుంచి మొదటికి మళ్ళీ లెక్కేసుకుంది. కోప్పడని మొగుడు, చెయ్యెత్తని మొగుడు, టీ తెచ్చి బల్ల మీద పెట్టే మొగుడు. చుట్టాలందరూ అదృష్టవంతురాలివన్నారు, ఆమె కూడా ఒప్పుకుంది. ఆ మంచితనానికి బదులుగా బోర్డు మీద పేరు అడగలేదు, కౌంటరు దగ్గర కుర్చీ అడగలేదు, వెనకగదిలోంచి బయటికి రాలేదు. ఒకే నష్టాన్ని ఇద్దరూ చెరిసగం మోస్తున్నామనుకుంది. కాదు. ఆయన లెక్కలో అది మొత్తం ఆమె పేరు మీదే ఉంది. ఆయన చూపిన ప్రతి దయా దాని మీద ఇచ్చిన గడువే. తన లోపలి మూలలో ఇంతకాలం కూర్చున్న అత్తగారి మాట ఇప్పుడు ఆయన నోటి నుంచి, తడి కళ్ళతో, మెత్తగా బయటికొచ్చింది. వెలుతురులో చూస్తే అందులో ఏమీ లేదు. పన్ను వచ్చే బిడ్డకు కొరుక్కోడానికి ఒక బొమ్మ ఇచ్చిన తల్లి ఉంది, అంతే.

"నా బిడ్డ జ్వరంతో పోయింది," అంది ఆమె. "మీరు క్షమించడానికి అక్కడేమీ లేదు."

ఇంటికొచ్చాక ఆమె సంచిలో నాలుగు బట్టలు సర్దుకుంటుంటే ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఇప్పుడేమన్నానని? మంచి మాటే కదా అన్నాను!" అన్నాడు. ఆమె చెప్పులేసుకుంటుంటే, "ఎల్లుండి మేళా ఉంది, అన్ని బొమ్మలకీ రబ్బర్లు ఎవరు మారుస్తారు?" అన్నాడు. ఆమె సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటింది.

బస్టాపులో కూర్చుని అక్కకు ఫోను చేసింది. "ఎన్నాళ్ళుంటావే?" అని అడిగింది అక్క. "చూడాలక్కా. ముందు నాకంటూ ఒక బల్ల వేసుకునే చోటు చూడు," అంది. ఫోను పెట్టేశాక పిడికిలి విప్పింది. కింద రెండు, పైన ఒకటి. చిగుట్లో తెల్లగా ఆగిపోయిన ఇంకొకటి. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది, అదీ ఎక్కలేదు. మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉంటే, వాళ్ళ మధ్యలో కూర్చుని ఆమె తన కూతురి కోసం పెద్దగా ఏడ్చింది. బిడ్డ పోయాక, ఆ ఏడుపులో తన తప్పన్న మాట లేకపోవడం అదే మొదటిసారి.